ఒకే నేరం, రెండు తూకాలు: వార్తలోని మాట నుంచి ఠాణా గడప దాకా

తెలుగు పత్రికల్లో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. ఎక్కడైనా మతాల మధ్య లొల్లి జరిగితే పేర్లు రాయరు. 'ఒక వర్గం', 'మరో వర్గం', 'ఇరువర్గాల మధ్య ఘర్షణ' అని రాస్తారు. నిప్పు ఇంకా పాకకుండా ఉండాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా కులం, మతం పేర్లు అనవసరంగా లాగొద్దనే చెబుతుంది. మంచి పద్ధతే. అయితే దాన్ని అందరికీ ఒకేలా పాటిస్తున్నారా?

కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లోని ముస్లిం కుటుంబాలు చాలా ఏళ్లుగా ఇళ్లలో, హోటళ్ల ముందు, జుమా నమాజ్ తర్వాత మాట్లాడుకునే విషయం ఇదే. నష్టపోయింది ముస్లింలయితే వాళ్లు 'ఒక వర్గం' అవుతారు. నిందితుడు ముస్లిం అయితే మాత్రం అతని పేరు, మతం, గల్లీ, చదివిన మదర్సా అన్నీ వార్తలోకి వస్తాయి. కొలిచే రాయి ఒకటే ఉండాలి. ఇక్కడ కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి పెడుతున్నారు.

ఇది ఉత్త మనసు కష్టమా, లెక్కకు నిలిచే విషయమా? గత పదిహేడేళ్లలో ఈ ప్రాంతంలో జరిగిన కొన్ని ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది.

మాట ఎక్కడ మారుతుంది

2008 అక్టోబర్‌లో భైంసాలో దుర్గామాత ఊరేగింపు సమయంలో అల్లర్లు మొదలయ్యాయి. రెండు రోజుల్లోనే దగ్గరలోని వటోలి గ్రామంలో ఒకే ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురిని రాత్రిపూట ఇంట్లోనే సజీవ దహనం చేశారు. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. భైంసా బజారులో జరిగింది ఘర్షణ అంటే ఒప్పుకోవచ్చు. కానీ ఇంట్లో ఉన్న పిల్లలు ఏ 'వర్గం' తరఫున ఘర్షణ పడ్డారు? వటోలిని కూడా 'భైంసా ఘర్షణలు' అనే మూటలోనే కట్టేస్తే, చేసినవాడు, చనిపోయినవాడు సమానమైపోతారు. అక్కడ మాట నిప్పును ఆర్పడం లేదు, బాధ్యతను కప్పేస్తోంది.

ఇదే ప్రాంతంలో ఇంకో పోలిక ఉంది. పాత కరీంనగర్ జిల్లా నుంచి మావోయిస్టు పార్టీలో చాలా పెద్ద నాయకులు వచ్చారు. గణపతిగా పేరుపడ్డ ముప్పాళ్ల లక్ష్మణరావుది బీర్‌పూర్, కిషన్‌జీగా పేరుపడ్డ మల్లోజుల కోటేశ్వరరావుది పెద్దపల్లి. వాళ్లు ఆయుధం పట్టిన సంగతి అందరికీ తెలుసు. ప్రభుత్వం ఆ పార్టీని చట్టప్రకారం ఉగ్రవాద సంస్థగానే నిషేధించింది. అయినా ఊళ్లలో 'అన్నలు' అంటారు. పత్రికలు 'మావోయిస్టు అగ్రనేత' అని రాస్తాయి. లొంగిపోతే 'జనజీవన స్రవంతిలోకి' వచ్చాడంటాయి. అతను ఎందుకు అడవికి పోయాడు, అమ్మ ఎట్ల ఎదురుచూసింది, ఊరు ఏమనుకుంటోంది, అన్నీ రాస్తాయి.

అట్ల రాయడం తప్పని కాదు. మనిషి చేసిన పనిని ఖండిస్తూనే మనిషిగా చూడొచ్చని అది చూపిస్తుంది. కానీ ముస్లిం యువకుడిని అనుమానం మీద తీసుకుపోయిన రోజునే 'ఉగ్రవాది', 'ముష్కరుడు' అయిపోతాడు. 'అనుమానిత' అన్న మాట మొదటి బులెటిన్‌లో ఉంటుంది, సాయంత్రానికి రాలిపోతుంది. అతని అమ్మ ఎదురుచూపు గురించి ఎవరూ అడగరు. ఆమె వాకిట్లో కెమెరా ఉంటుంది గానీ, ఆమెను కూడా ముద్దాయిలాగే చూపిస్తుంది.

బయటి ప్రపంచంలోనూ ఇదే కథ

2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చింది. వరద నీళ్లలో తిండి సామాను పట్టుకుపోతున్న నల్లజాతి యువకుడి ఫొటో కింద ఒక వార్తా సంస్థ దుకాణాన్ని 'లూటీ' చేశాడని రాసింది. అదే నీళ్లలో బ్రెడ్డు, కూల్‌డ్రింక్‌లతో పోతున్న తెల్లజాతి జంట ఫొటో కింద ఇంకో సంస్థ వాళ్లకు అవి 'దొరికాయి' అని రాసింది. నీళ్లు ఒకటే, ఆకలి ఒకటే. క్రియాపదం మాత్రం తొలు రంగును బట్టి మారింది.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి మోకాలు పెట్టి చంపితే, పోలీసు శాఖ ఇచ్చిన మొదటి ప్రకటన శీర్షికలో అది 'వైద్యపరమైన సంఘటన' తర్వాత జరిగిన మరణం. 17 ఏళ్ల అమ్మాయి తన ఫోన్‌లో వీడియో తీయకపోతే ఆ మాటే రికార్డులో నిలిచిపోయేది. ఆ అధికారికి 2021లో శిక్ష పడింది.

కరీంనగర్‌కు నేరుగా తగిలిన ఉదాహరణ న్యూజిలాండ్‌ది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో జుమా నమాజ్ వేళ 51 మందిని చంపారు. వాళ్లలో హైదరాబాద్ వాళ్లున్నారు, కరీంనగర్ నుంచి పోయి అక్కడ స్థిరపడ్డ ఒకాయన కూడా ఉన్నారు. చంపినవాడి గురించి ఒక బ్రిటిష్ పత్రిక మొదటి పేజీలో 'దేవదూతలాంటి పిల్లాడు' ఎట్ల చెడిపోయాడో రాసింది. అతని చిన్నప్పటి ఫొటో కూడా వేసింది. అదే సమయంలో న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డర్న్ మొదటి రోజే అది ఉగ్రవాద దాడి అని చెప్పారు, చంపినవాడి పేరు తన నోట పలకనన్నారు. తర్వాత వేసిన రాయల్ కమిషన్ 2020 డిసెంబర్‌లో ఇంకో నిజం రాసింది. అక్కడి భద్రతా సంస్థలు ఇస్లామిస్ట్ ఉగ్రవాదం మీదే తగని స్థాయిలో దృష్టి పెట్టాయన్నది ఆ నివేదిక సారం. దాడిని ముందే పట్టుకోగలిగేవారని కమిషన్ అనలేదు. కానీ చూపు ఒక్క దిక్కుకే పెట్టడం సరైన పని కాదని ఒక ప్రభుత్వ నివేదికే ఒప్పుకున్నది. రెండు తూకాలంటే గౌరవానికి సంబంధించిన గొడవ మాత్రమే కాదు, భద్రతకు సంబంధించినది కూడా.

కరీంనగర్, 2020 మార్చి

తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. దుబాయ్ పోయి, బెంగళూరు మీదుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అతను. 'టెకీకి కరోనా' అని వార్తలొచ్చాయి. అతని కులం, మతం ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు.

రెండు వారాల తర్వాత కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా జమాత్‌లోని పది మందికి పాజిటివ్ వచ్చింది. మార్చి నడుమ రైల్లో రామగుండం దిగి కరీంనగర్ చేరినవాళ్లు. అధికారులు వెంటనే ఇంటింటికీ వైద్య బృందాలను పంపారు, రోడ్లు మూసేశారు. పట్టణం మొత్తం సహకరించింది, వ్యాధి పెద్దగా పాకకుండా ఆగింది. ఆ తర్వాత చాలా జిల్లాలు కరీంనగర్‌ను చూసి నేర్చుకున్నాయి. ఆ పనిలో డాక్టర్లు, ఆశా వర్కర్లు, మున్సిపల్ కార్మికులు, పోలీసులు అందరి చెమటా ఉంది. అది మరిచిపోకూడదు.

కానీ మార్చి ఆఖర్లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త పడగానే భాష మారిపోయింది. అప్పటిదాకా 'విదేశాల నుంచి వచ్చినవారు' అన్నది, 'మర్కజ్ కేసులు' అయింది. 'కరోనా జిహాద్', 'కరోనా బాంబు' అన్న మాటలు టీవీల్లో, వాట్సాప్‌లో తిరిగాయి. దేశంలో చాలా చోట్ల ముస్లిం కూరగాయల బండ్లను గల్లీల్లోకి రానీయలేదు.

జాగ్రత్తగా చెప్పాలంటే, ఆ సమయంలో పెద్ద సభ నడవడం పొరపాటే. మర్కజ్‌కు పోయివచ్చినవాళ్లలో తెలంగాణకు చెందిన ఆరుగురు చనిపోయారని ప్రభుత్వం మార్చి 30న ప్రకటించింది. పరీక్షలకు ముందుకు రావాలని చెప్పడం సబబే. కానీ అజాగ్రత్త వేరు, కుట్ర వేరు. 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్ మండుతున్నప్పుడు హరిద్వార్ కుంభమేళాలో లక్షల మంది స్నానం చేశారు. వార్తల్లో అది 'పుణ్యస్నానం'గానే ఉంది. ఎవరూ దాన్ని యుద్ధం అనలేదు, అనకూడదు కూడా. ఆ మర్యాదే ఏడాది ముందు జమాతీలకు దక్కలేదు.

లెక్క తేల్చింది కోర్టులే. 2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 29 మంది విదేశీ జమాతీల మీద కేసులు కొట్టేస్తూ, మీడియాలో వాళ్ల మీద పెద్ద ఎత్తున ప్రచారం జరిగిందని, వాళ్లను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. అదే డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా వదిలింది. విదేశీయులకు చోటిచ్చారన్న ఆరోపణతో 70 మంది భారతీయుల మీద పెట్టిన 16 చార్జిషీట్లను ఢిల్లీ హైకోర్టు 2025 జులై 17న కొట్టేసింది. అంటే ఐదేళ్లు పట్టింది. మొదటి రోజు బ్రేకింగ్ న్యూస్‌కు వచ్చిన సైజు, ఐదేళ్ల తర్వాతి తీర్పుకు వచ్చిందా? నింద బ్యానర్ హెడ్డింగ్‌లో వస్తే, నిర్దోషి అన్న మాట లోపలి పేజీల్లో సింగిల్ కాలమ్‌కు పోతుంది. ఖాతా పుస్తకంలో ఖర్చు పెద్దక్షరాల్లో, జమ చిన్నక్షరాల్లో రాసినట్టు.

రెండు నేరాలు, మూడు రోజుల తేడా

2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి చిన్న సామాన్లు అమ్ముకునే దళిత మహిళ మీద సామూహిక అత్యాచారం చేసి చంపారు. పోలీసులు ఆమెకు 'సమత' అని పేరు పెట్టారు. మూడు రోజుల తర్వాత శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ 'దిశ' హత్య జరిగింది.

దిశ కోసం దేశమంతా కదిలింది. కదలాల్సిందే. సమత కోసం మాత్రం ఆదిలాబాద్ జిల్లాలో దళిత సంఘాలు, స్థానికులు రోడ్డెక్కితే గానీ వార్త పెద్దది కాలేదు. ఒకరు రాజధాని పక్కన చదువుకున్న అమ్మాయి, ఇంకొకరు అడవి దారిలో గంప మోసుకుపోయే ఇల్లాలు. రెండు తూకాలు ముస్లింలకే అనుకుంటే పొరపాటు. అదే తక్కెడ దళితులకు, ఆదివాసులకు, పేదలకు కూడా తక్కువే తూస్తుంది.

ఈ రెండు కేసుల్లో ఇంకో సంగతి ఉంది. దిశ కేసులో నలుగురు నిందితులుంటే సోషల్ మీడియాలో చాలామంది ఒక్క ముస్లిం పేరునే తిప్పారు. మిగతా మూడు పేర్లు మింగేశారు. డిసెంబర్ 6న ఆ నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర ఎన్‌కౌంటర్ చేస్తే జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ బూటకమని, పది మంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని చెప్పింది.

సమత కేసులో ముగ్గురు నిందితులవీ ముస్లిం పేర్లే. అక్కడ ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్ష్యాలు విని 2020 జనవరి 30న మరణశిక్ష వేసింది. నేరం జరిగిన రెండు నెలల పైచిలుకులోనే, చట్టం దారిలోనే తీర్పు వచ్చింది. ఇన్సాఫ్ కోరే ముస్లిం కుటుంబాలు ఆ తీర్పును చూపించి ధైర్యంగా చెప్పొచ్చు: నేరం చేసినవాడికి శిక్ష పడాలి, అది కోర్టులోనే పడాలి, అతని గల్లీకి కాదు అతనికే పడాలి.

జైనూర్: ఒకడి నేరం, ఊరి మీద శిక్ష

ఈ మాట ఎంత అవసరమో 2024లో జైనూర్‌లో తేలింది. ఆగస్టు 31న ఒక ఆదివాసీ మహిళ మీద ఆటో డ్రైవర్ అత్యాచారయత్నం చేసి, చచ్చేలా కొట్టాడన్నది కేసు. మొదట రోడ్డు ప్రమాదం అనుకున్నారు. స్పృహ వచ్చాక ఆమె చెప్పడంతో నిజం బయటికొచ్చింది. పోలీసులు నిందితుడిని అరెస్టు చేశారు, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కూడా పెట్టారు. చట్టం తన పని మొదలుపెట్టింది.

అయినా సెప్టెంబర్ 4న ఆదివాసీ సంఘాల బంద్ రోజు గుంపులు ముస్లింల దుకాణాలకు నిప్పు పెట్టాయి, మసీదు మీద దాడి చేశాయి. కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. ఆటో నడిపినవాడితో ఏ సంబంధమూ లేని బట్టల దుకాణందారు, చెప్పుల దుకాణందారు బజారున పడ్డారు. చిన్న వ్యాపారికి దుకాణమంటే సరుకు ఒక్కటే కాదు. ఉద్దెర పద్దు పుస్తకం కాలిపోతే రావాల్సిన బాకీ కూడా కాలిపోయినట్టే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఏజెన్సీలో ఆదివాసులకు భూమి, వ్యాపారం విషయంలో పాత బాధ ఉంది. 1/70 చట్టం వచ్చి 50 ఏళ్లు దాటినా గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన భూములు, షాపుల మీద వాళ్లకు కోపం ఉంది. ఆ గిరిజనేతరుల్లో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. ఆ బాధకు చట్టంలో జవాబు దొరకాలి. కానీ ఆ రోజు ఆ కోపాన్ని ఒక్క మతం వైపే తిప్పారు. నిందితుడు ఇంకో మతం వాడైతే ఆ మతం బజారంతా కాలేదా? ఈ ప్రశ్న అడగడం ఆ తల్లికి జరిగిన అన్యాయాన్ని తక్కువ చేయడం కాదు. ఆమెకు న్యాయం చేసేది కోర్టు, కాలిపోయిన దుకాణాలు కావు.

ఠాణాలో తక్కెడ

పోలీసుల విషయానికొస్తే, 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ కలిసి 21 రాష్ట్రాల్లో సుమారు 12 వేల మంది పోలీసు సిబ్బందిని అడిగి నివేదిక ఇచ్చాయి. ముస్లింలు సహజంగానే నేరాల వైపు మొగ్గుతారని ఎంతో కొంత నమ్మేవాళ్లు అందులో సగం మంది. యూనిఫాం వేసుకున్న ప్రతి ఇద్దరిలో ఒకరు పేరు చూసి ముందే ఒక అంచనాతో ఉన్నారన్నమాట.

జైలు గణాంకాలూ చూడాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ముస్లింలు 14.2 శాతం. 2019లో శిక్ష పడ్డ ఖైదీల్లో 16.6 శాతం, విచారణ ఖైదీల్లో 18.7 శాతం. ఈ తేడాకు పక్షపాతం ఒక్కటే కారణమని చెప్పలేం. పేదరికం ఉంది, మంచి వకీలు దొరకకపోవడం ఉంది, జామీను డబ్బు లేకపోవడం ఉంది. కానీ నేరం రుజువైనవాళ్ల కంటే రుజువు కానివాళ్లలో వాటా ఎక్కువ ఉండటం ఆలోచించాల్సిన విషయం.

దీనికి పెద్ద ఉదాహరణ మక్కా మసీదు. 2007 మే 18న పేలుడులో 9 మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. ఆ తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారని మైనారిటీస్ కమిషన్ నియమించిన అడ్వకేట్ కమిషనర్ నివేదిక ఇచ్చారు. కోర్టులు వాళ్లను వదిలేశాయి. తర్వాత ప్రభుత్వం 70 మందికి కలిపి 70 లక్షల పరిహారం ప్రకటించింది. 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కూడా రద్దు చేసింది. ఎన్‌ఐఏ కేసులో విచారణ ఎదుర్కొన్న స్వామి అసీమానంద్, ఇతరులు 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా బయటికొచ్చారు. 14 ప్రాణాలు పోయాయి, పేలుడుకు ఎవరికీ శిక్ష పడలేదు. నష్టం మాత్రం చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లల ఖాతాలో మిగిలింది.

నోరు జారితే ఎవరికెంత

ఈ తక్కెడను ఇంటి లోపల కూడా పెట్టి చూసుకోవాలి. 2012 డిసెంబర్ 22న నిర్మల్ సభలో అక్బరుద్దీన్ ఒవైసీ మాట్లాడిన మాటలు తప్పు. 2022లో కోర్టు ఆయనను నిర్దోషిగా వదిలినా, ఆ ప్రసంగం ఆదిలాబాద్ జిల్లాలో పక్కపక్కనే బతికే జనం మధ్య పుండు పెట్టింది. దానికి ఆయన అరెస్టయి ఆదిలాబాద్ జైల్లో ఉన్నారు.

2020 నవంబర్‌లో హైదరాబాద్ మున్సిపల్ ఎన్నికల ప్రచారంలో కరీంనగర్ ఎంపీ బండి సంజయ్, తమ పార్టీ మేయర్ పీఠం గెలిస్తే పాతబస్తీలో సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నారు. శత్రుదేశం మీద వాడే మాటను సొంత ఓటర్ల మీద వాడారు. ఆ మాటకు అరెస్టు లేదు. 2024లో ఆయన కేంద్ర హోంశాఖ సహాయమంత్రి అయ్యారు. ఇద్దరు నాయకుల మాటలనూ ఒకే చట్టం కింద చూడాలి. ఎవరు ఫిర్యాదు చేసినా చేయకపోయినా విద్వేష ప్రసంగాల మీద పోలీసులే కేసు పెట్టాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు చెప్పింది, మతం చూడొద్దని కూడా చెప్పింది.

ఖురాన్‌లో తూకంలో మోసం చేసేవాళ్ల గురించి ముతఫ్ఫిఫీన్ అని ఒక సూరానే ఉంది. ఆ హెచ్చరిక వ్యాపారికే కాదు, వాట్సాప్‌లో వీడియో పంపేవాళ్లకూ వర్తిస్తుంది. పక్క మతం వాడు చేసిన ఒక్క తప్పును ఆ మతం మొత్తానికి అంటగట్టే వీడియోను ముస్లిం గ్రూపులో ఫార్వర్డ్ చేస్తే, అది కూడా దొంగ రాయే.

చేతిలో ఉన్న దారులు

కోపం ఒక్కరోజులో చల్లారుతుంది, కాగితం నిలుస్తుంది. టీవీలో విషం చిమ్మితే ప్రసారమైన 7 రోజుల్లో ఆ చానెల్‌కే ఫిర్యాదు రాయాలి. జవాబు రాకపోయినా, సరిగా లేకపోయినా ఆ తర్వాత 14 రోజుల్లో ఎన్‌బీడీఎస్‌ఏకు పంపొచ్చు. అందులో సభ్యత్వం ఉన్న చానెళ్లకే ఇది వర్తిస్తుంది. ఈ దారి ఉత్తదేం కాదు. తబ్లీగీ వార్తల మీద బెంగళూరు వాళ్లు పెట్టిన ఫిర్యాదుతో 2021 జూన్‌లో న్యూస్18 కన్నడకు లక్ష, సువర్ణ న్యూస్‌కు 50 వేల రూపాయల జరిమానా పడింది. పత్రికల మీదైతే ముందు ఎడిటర్‌కు రాసి, దినపత్రికకు రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు పోవాలి.

ఠాణా విషయంలో ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సినవి మూడు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. కారణం అర్థమయ్యేలా చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జామీనుకు, వకీలుకు స్థోమత లేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోతే ఉచితంగా వకీలు దొరుకుతారు. జిల్లా కోర్టు ఆవరణలో ఆ ఆఫీసు ఉంటుంది.

ఇంకో పని చదువుకున్న పిల్లలది. ఈ రెండు జిల్లాల నుంచి ఏటా వందల మంది ముస్లిం పిల్లలు డిగ్రీ పట్టా తీసుకుంటున్నారు. వాళ్లలో కొందరు లా వైపు, జర్నలిజం వైపు, పోలీసు కొలువు వైపు పోతే తక్కెడ పట్టుకునే చేతులు మారతాయి. వార్త రాసే బల్ల దగ్గర, ఎఫ్‌ఐఆర్ రాసే బల్ల దగ్గర 'ఈ మాట ఆ పక్కవాడికి కూడా ఇట్లనే రాస్తామా?' అని అడిగే మనిషి ఒక్కరున్నా చాలు, చాలా మాటలు అచ్చుకు పోకముందే మారిపోతాయి.